గెడ్డ ఒడ్డున తెల్ల గులకరాయి

నెమలిమెట్ట మీద మంచెగూడెం ఎంత బాగుంటుందో చూడనివాళ్లకి నేనెంత చెప్పినా నమ్మకం కుదరదు. కార్తీకంలో పొద్దున్నే ఊరి చివర బండ మీద నిలబడితే మబ్బులు మన కాళ్ల కింద ఉంటాయి. కాసేపటికి ఎండ తగిలి అవి విడిపోతే, లోయ నిండా పసుపుపచ్చగా వలిసె పూలు. కాఫీ తోటల్లోంచి దిగి రెండు మలుపులు తిరిగితే గెడ్డ, అదే కొండవాగు. గెడ్డ దాటితే ఏడుమెట్ల జలపాతం. దాన్ని చూడ్డానికే పల్లపు ఊళ్ల నుంచి జంతువులు గుంపులుగా కొండెక్కి వచ్చేవి.

వాటికి దారి చూపించేది పోలమ్మ అనే ముసలి మేక. ఆమె మెడలో ఓ ఇత్తడి గంట ఉండేది. అది వాళ్లమ్మ మెడలోంచి ఆమె మెడలోకి వచ్చింది. గంట ఎవరి మెడలో ఉంటే కొండ చూడొచ్చిన చుట్టాలు వాళ్ల వెనకే నడవాలని ఊరి కట్టుబాటు. పోలమ్మకి మాటలు తక్కువ, నడక నిదానం. కానీ ఇన్నేళ్లలో ఆమె వెంట వెళ్లిన ఏ ప్రాణికీ కాలు కూడా బెణకలేదు. అలాంటి వాళ్లంటే నాకు మహా గౌరవం.

గెడ్డ దగ్గర ఆమెకో అలవాటు. నీటి అంచుకి బెత్తెడు పైన, పొడిబండ మీద ఓ తెల్ల గులకరాయి పెట్టేది. తర్వాత అందరినీ కూర్చోబెట్టి, మబ్బుకీ కొండకీ పెళ్లి జరిగిన కథ చెప్పేది. పెళ్లికూతురు మబ్బు ఏడడుగులు నడిచి అత్తారింటికి వచ్చిందట, ఆ అడుగులే ఏడు మెట్లయ్యాయట. కథ అయ్యాక ఓసారి కిందికి చూసి "పదండి" అనేది. ఒక్కోసారి మాత్రం "ఈయేళ ఒద్దు బాబూ, గెడ్డ ఒద్దంతంది" అని అందరినీ వెనక్కి తిప్పేసేది. ఆ ఏడు కార్తీకంలో అలా మూడుసార్లు తిప్పింది. మూడుసార్లూ నెత్తిన ఎండ మాడ్చేస్తోంది.

గంట మీద కన్నున్న బుచ్చిబాబు నక్కకి ఇంతకన్నా ఏం కావాలి? ఊరి పెద్ద జోగి తాత దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. జోగి తాత ముసలి ఎద్దు, పొద్దస్తమానం నెమరేస్తూనే న్యాయం చెబుతాడు.

"తాతా, కాళ్లరిగేలా నడిచొచ్చిన చుట్టాల్ని జలపాతం చూపించకుండా పంపిస్తే మన ఊరి పరువేం కావాలి? నెలరోజులుగా పోలమ్మత్త వెనకే పొదల్లో నక్కి నడిచాను. ఆవిడ చెప్పే ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు. ఒక్కరోజు ఆ గంట నాకిప్పించు."

తాత పోలమ్మని పిలిపించాడు.

"ఎండ కాస్తంటే సుట్టాల్ని ఎనక్కెందుకు తిప్పేవే?"

"గెడ్డ ఒద్దంది తాతా."

చుట్టూ ఉన్న జంతువులు పక్కున నవ్వాయి. పోలమ్మ తల దించుకుంది. వాళ్లమ్మ చేసినట్టే చేయడం ఆమెకి వచ్చు గానీ, దాన్ని పదిమందిలో విడమరిచి చెప్పడం రాదు.

"సరే, ఈయేళకి గంట బుచ్చిబాబుకి. సాయంత్రం సుట్టాలు తిరిగొచ్చి మెచ్చుకుంటే ఇక ఆడి మెడలోనే ఉంటాది" అన్నాడు తాత.

పోలమ్మ గంట విప్పి ఇచ్చింది. అమ్మ పోయిన రోజు తర్వాత అది ఆమె మెడ వదలడం అదే మొదలు.

"నాను ఎనకాల నడవొచ్చా?" అని మాత్రం అడిగింది.

"రా అత్తా, నాలుగు ముక్కలు నేర్చుకుందువు గాని" అన్నాడు నక్క.

ఆ రోజు చుట్టాలు ముగ్గురు. గోదావరి పక్క నుంచి వచ్చిన వీర్రాజు దున్నపోతు, నాగరత్నం అనే కోడి, చిట్టెమ్మ అనే గొర్రె. వీర్రాజుకి ఏది చూపించినా తన ఊరి కాలవే గుర్తొస్తుంది. నాగరత్నం బయల్దేరిన దగ్గర్నుంచీ కాళ్లు నొప్పులంటోంది. చిట్టెమ్మకి సొంత గొడవంటూ లేదు. ముందు ఎవరు నడిస్తే వాళ్ల వెనక నడుస్తుంది.

"ఇటు చూడండి సార్, అటు చూడండి మేడమ్" అంటూ బుచ్చిబాబు గంట మోగించుకుంటూ నడిచాడు. నిజం చెప్పొద్దూ, బాగానే నడిపించాడు. బండ మీద నిలబెట్టి మబ్బుల్ని చూపించినప్పుడు నాగరత్నం కాళ్లనొప్పులు మర్చిపోయింది.

"మా కాలవ గట్టు మీద ఇలాంటిది లేదండి" అన్నాడు వీర్రాజు. అంత మాట అతని నోట రావడం చూసి వెనకాల ఉన్న పోలమ్మకి కూడా నవ్వొచ్చింది.

గెడ్డ దగ్గరికి చేరారు. నీళ్లు మోకాలి లోతు, అడుగున రాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. బుచ్చిబాబు తెల్ల గులకరాయి తెచ్చి, కళ్లు మూసుకుని, నీటి అంచుకి బెత్తెడు పైన పెట్టి దండం పెట్టాడు. తర్వాత కథ ఎత్తుకున్నాడు. పోలమ్మ పొడిపొడిగా చెప్పే కథని అతను పాటలు పెట్టి, మబ్బులా ముసుగేసుకుని, కొండలా రొమ్ము విరిచి ఆడి చూపించాడు. నాగరత్నం రెక్కలు కొట్టింది. చుట్టాలనే చూసుకుంటూ బుచ్చిబాబు గెడ్డకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"బుచ్చిబాబూ, రాయేదీ?" అంది పోలమ్మ.

అందరూ కిందికి చూశారు. బండ తడిసి ఉంది. రాయి లేదు.

నక్క క్షణం తడబడి, అంతలోనే తేరుకున్నాడు. "కొండదేవత తీసుకుంది! మొక్కు చెల్లిందన్నమాట. ఇంతకన్నా మంచి శకునం ఉంటుందా? పదండి పదండి!"

"అది మొక్కు కాదు నాయనా!" పోలమ్మ గొంతు అంత గట్టిగా లేవడం అంతకుముందు ఎవరూ వినలేదు. "ఇక్కడ ఎండ కాసినా పైన కొండల్లో వాన పడిపోతాది. కత సెప్పినంతసేపట్లో రాయి తడిస్తే నీరు పెరుగుతున్నట్టే. కాసేపట్లో వరద దిగుతాది. ఎవరూ కాలెట్టొద్దు!"

"గంట పోయిందన్న కుళ్లు మేడమ్, పట్టించుకోకండి" అంటూ నక్క ఒక్క గెంతులో గెడ్డ మధ్యలో ఉన్న పెద్దబండ మీదికి దూకాడు. "చూశారా? కాలు కూడా తడవలేదు. రండి!"

"ఆయన దూకారుగా, నేనూ" అని చిట్టెమ్మ ముందుకొచ్చింది. పోలమ్మ ఆమెకి అడ్డంగా నిలబడి కొమ్ములు వంచింది.

"వీర్రాజు బాబూ, పుట్టినకాడ్నించీ నీళ్లలోనే ఉన్నావు. నా మాట నమ్మొద్దు. నువ్వే వాసన సూడు."

వీర్రాజు మూతి వంచి గట్టిగా పీల్చాడు. మొహం మారిపోయింది. "ఎర్రమట్టి వాసనండి. ఇందాకటి నీళ్లు కావండి ఇవి!" అంటూ తన భారీ ఒళ్లంతా చిట్టెమ్మకి అడ్డం తిప్పేశాడు.

మాట పూర్తవుతుండగానే పైనుంచి హోరు వినబడింది. మలుపు తిరిగి ఎర్రటి నీళ్లు, కొమ్మలు, ఆకులు ఒక్కుమ్మడిగా దూసుకొచ్చాయి. అందరూ గట్టు మీదికి పరిగెత్తారు. వెనక్కి తిరిగి చూస్తే, గెడ్డ మధ్యలో చాపంత బండ మిగిలింది. దాని మీద నాలుగు కాళ్లూ దగ్గరికి పెట్టుకుని బుచ్చిబాబు. అతని వణుక్కి మెడలో గంట ఆగకుండా గణగణ మోగుతోంది.

"అత్తా! అత్తోయ్!"

"కదలకు బాబూ! బండ మునగదు. కూకో."

పొద్దు వాలే దాకా పోలమ్మ గట్టు మీంచి కదల్లేదు. హోరు తగ్గాక కిందికి దిగి, నీటి అంచున ఇంకో తెల్లరాయి పెట్టింది. అవతల బండ మీద ఉన్న నక్కకి వినబడేలా మబ్బు పెళ్లి కథ మొదటి నుంచీ చెప్పింది.

"ఈసారి నా నోరు సూడకు బుచ్చిబాబూ. రాయి సూడు."

నక్క రెప్ప వేయకుండా రాయినే చూశాడు. కథ అయ్యేసరికి రాయి పొడిగానే ఉంది. నీళ్లు దానికి మూరెడు కిందికి జారాయి. అప్పుడు పోలమ్మ ఒక్కో అడుగూ తడిమి వేసుకుంటూ వెళ్లి, బుచ్చిబాబుని తన అడుగుల్లో అడుగు వేయించి గట్టెక్కించింది. ఒక్క దెప్పిపొడుపు మాట కూడా అనలేదు. అదే నేనైతే జన్మకి సరిపడా అనేవాణ్ని.

ఊళ్లో జోగి తాత నెమరు ఆపి అడిగాడు. "జలపాతం బాగుందా బాబూ?"

"చూళ్లేదండి," అన్నాడు వీర్రాజు. "కానీ బతికొచ్చామండి, ఆ తల్లి వల్ల. రేపు ఆవిడ వెనకే వెళతాం. ఆవిడ తిప్పేస్తే ఎల్లుండి మళ్లీ వెళతాం. ఏమంటావు చిట్టెమ్మా?"

"నేనూ" అంది చిట్టెమ్మ. ఈసారి ఎవరి వెనక నడవాలో ఆమెకి బాగా తెలుసు.

నక్క గంట విప్పి పోలమ్మ మెడలో తనే కట్టాడు. "నెలరోజులు నీ వెనకే తిరిగాను అత్తా. నువ్వన్న ప్రతి మాటా పట్టుకున్నాను. కథ చెప్పేటప్పుడు నీ కళ్లు ఎటున్నాయో మాత్రం ఒక్కనాడూ చూడలేదు."

"రేపు రా," అంది పోలమ్మ. "నీ పాట బాగుంది. కత నువ్వు సెప్పు, రాయి నాను సూస్తాను."

పని నేర్చుకోవాలంటే పెద్దవాళ్ల నోట ఏ మాట వస్తోందో వింటే చాలదు, వాళ్ల చూపు దేనిమీద ఉందో కూడా చూడాలి.