ఆకుపచ్చ వైరు

మూడు వేల రెండు వందల రూపాయలతో ఓబులేసు కర్నూలుకు వచ్చాడు. దస్తగిరి ఉస్తాద్ కంప్యూటర్ షాపులో పని నేర్చుకుంటూనే, పాత ఫ్యాన్లు కొని, దుమ్ము దులిపి, నూనె చుక్క వేసి అమ్ముతూ, ఏడాది తిరక్కుండానే ఆ మూడు వేలను ఇరవై వేలు చేశాడు. లెక్క అంటే అతనికి మంచినీళ్లు తాగినంత సులువు. ఏ మిషన్ ఎంత కరెంటు లాగుతుందో కాగితం ముట్టకుండా చెప్పేవాడు.

ఇంత చేసినా ఉస్తాద్ నోట ఎప్పుడూ దానియేలు పేరే.

దానియేలు కూడా అతనితోపాటే షాపులో చేరాడు. చిన్న కూడికకైనా ఫోను తీస్తాడు. కానీ అతను వైర్లు సర్దితే జడ అల్లినట్టు ఉండేది. ఉస్తాద్ ఆ పనిని చూసి తల ఊపిన ప్రతిసారీ ఓబులేసుకు అన్నం సహించేది కాదు.

ఆ ఎండాకాలంలో ఉస్తాద్ ఆదోనిలో ఇంకో షాపు తీసుకున్నాడు. దాన్ని ఇద్దరిలో ఒకరికి అప్పగిస్తానన్నాడు. ఎవరికన్నది చెప్పలేదు. అప్పటినుంచి దానియేలుకు ఉస్తాద్ టీ గ్లాసు అందించినా ఓబులేసు అందులో అర్థాలు వెతికేవాడు.

ఒక పొద్దున స్టూడియో సుంకన్న తన కంప్యూటర్‌ను ఆటోలో తెచ్చి దింపాడు.

"పిండిమర మాదిరి మోత ఉస్తాద్. అంత మోత పెట్టి కూడా వేడికి మధ్యలోనే ఆరిపోతాంది. ఇది పెండ్లి వీడియో చేసిచ్చేలోపల ఆ పెండ్లికూతురు కాన్పుకు పుట్టింటికి వస్తాది."

ఉస్తాద్ నవ్వి ఇద్దరినీ పిలిచాడు.

"ఓబులేసూ, ఫ్యాన్ల వేగం చూసుకునే కంట్రోలర్ ఎంచేది నువ్వు. దానియేలూ, వైర్లు నీవి. ఫ్యాన్లు చెరి మూడు బిగించండి. సాయంత్రానికి ఇది పోవాల. పోయినాంక ఆదోని మాట చెప్తా."

ఓబులేసు మూత తీసి ఒక్క చూపు చూశాడు. "ఆరు ఫ్యాన్లూ లోపలికే ఊదుతాండాయి ఉస్తాద్. లోపలి వేడి పోయే దారే లేదు. ఆరింటినీ నేరుగా పవర్ సప్లైకి తగిలించినారు, అందుకే ఎప్పుడూ ఫుల్ స్పీడు. పోనీ మదర్‌బోర్డుకు తగిలిద్దామంటే దాని పిన్ను మోసేది ఒక్క ఆంప్. ఇవి ఆరూ కలిసి ఒకటి పాయింట్ ఎనిమిది లాగుతాయి. పిన్ను మాడిపోతాది. కరెంటు పవర్ సప్లై నుంచి తీసుకుని, ఎంత వేగం తిరగాలన్న మాట మాత్రం బోర్డును అడిగే కంట్రోలర్ కావాల."

"సరిగ్గా ఎంచినావు," అన్నాడు ఉస్తాద్. అంతకుమించి ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి పని అయింది. ముందువైపు మూడు ఫ్యాన్లు దానియేలు బిగించాడు. అవి గాలిని లోపలికి తెస్తాయి. పైన మూడు ఓబులేసు బిగించాడు. అవి బయటికి తోస్తాయి. ఓబులేసు ఎంచిన కంట్రోలర్ మదర్‌బోర్డు వెనకకు పోయింది. అది ఉన్నట్టు కూడా ఎవరికీ కనపడదు. కనపడేవి దానియేలు వైర్లే.

ఉస్తాద్ వంగి చూశాడు. "దువ్విన తల మాదిరి ఉంది రా," అని దానియేలు భుజం తట్టి, ఎవరితోనో మాట్లాడటానికి బయటికి పోయాడు.

ఓబులేసు తెర వైపు తిరిగాడు. ఫ్యాను వేగం చూపించే చోట ఒకే ఒక్క అంకె ఉంది.

"ఇదెవరిది?"

"ముందువైపు మొదటిది," అన్నాడు దానియేలు.

"అంటే నీది. మరి నావేవి?"

"కంట్రోలర్ ఒక్కదాని లెక్కే పైకి చెప్తాదప్పా. ప్రతి ఫ్యానుకూ వేగం చెప్పే ఆకుపచ్చ వైరు ఉంటాది గానీ, మొదటిదాని వైరు మాత్రమే బోర్డు దాకా పోతాది. మిగతావి దాని మాదిరే తిరుగుతాయిలే." దానియేలు చేతులు తుడుచుకున్నాడు. "అన్నం తినొస్తా. నువ్వు రావా?"

"ఆకలి లేదు."

దానియేలు పోయాడు. ఓబులేసు ఆ అంకెను చూస్తూ కూర్చున్నాడు. దాని మాదిరే తిరుగుతాయంట! కంట్రోలర్ తనది, లెక్క తనది. తెర మీద తిరిగేది మాత్రం దానియేలు ఫ్యాను. సుంకన్న వచ్చి చూసేదీ అదే, ఉస్తాద్ చూసేదీ అదే.

మిషన్ ఆపి మూత తీశాడు. ఆరు ఫ్యాన్ల ఆకుపచ్చ వైర్లనూ బయటికి లాగి, ఒక్కచోట మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాడు. ఇప్పుడు అన్నీ కలిసి బోర్డుకు చెప్తాయి. ఆన్ చేశాడు.

అంకె ఏడువేలకు ఎగిరింది. నాలుగు వందలకు పడింది. మళ్లీ ఎగిరి సున్నా దగ్గర నిలిచింది. బోర్డు కీచుమని అరిచి ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే, ఫ్యాను ఆగిపోయిందని ఎర్ర అక్షరాలు. లోపల ఆరు ఫ్యాన్లూ తిరుగుతూనే ఉన్నాయి. ఒకేసారి ఆరుగురు చెప్పిన లెక్క బోర్డుకు అర్థం కాలేదు.

టేపు విప్పుదామని మూత మీద చెయ్యి వేశాడు. అప్పుడే ఉస్తాద్ లోపలికి వచ్చాడు. వెనకాలే దానియేలు.

"ఏమైంది?"

ఓబులేసు మూత మీది చెయ్యి తీసేశాడు. "నాకేం తెలుసు ఉస్తాద్? వైర్లు దానియేలువి."

దానియేలు ఎర్ర అక్షరాలు చూసి బిక్కమొహం వేశాడు. "ఇందాక బాగుండె... నేనే యాడో తప్పు చేసింటా ఉస్తాద్."

ఉస్తాద్ దానియేలుకు వీపు పెట్టి కూర్చుని, మిషన్ ఆపి మూత తీశాడు. పక్కనే నిలబడిన ఓబులేసుకు ఆయన వేళ్లు కనపడుతున్నాయి. ఆ వేళ్లు నల్ల టేపు దగ్గర ఒక్క క్షణం ఆగాయి. మెల్లగా దాన్ని విప్పి, ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆరు ఆకుపచ్చ వైర్లనూ విడదీశాడు. మొదటి ఫ్యాను వైరు కూడా బోర్డుకు తగిలించలేదు. మిషన్ ఆన్ చేసి, వేగం చూడొద్దని బోర్డు సెట్టింగుల్లో పెట్టి, సుంకన్న పెండ్లి వీడియో ఒకటి నడిపించాడు.

తెర మీద వేగం సున్నా.

కాసేపు చూసి, "చెయ్యి ఇట్లా పెట్టు," అన్నాడు ఓబులేసుతో.

ఓబులేసు క్యాబినెట్ పైన అరచెయ్యి చాపాడు. వెచ్చటి గాలి వేళ్ల సందుల్లోంచి పైకి పోతోంది.

"ఇది ఎవరి గాలి?"

పైనున్నవి తన ఫ్యాన్లే. నావి అనబోయాడు. కానీ ముందువైపు దానియేలు ఫ్యాన్లు తేకపోతే తోయడానికి గాలేది?

"వేడి బయటికి పోతాందా?"

"పోతాంది ఉస్తాద్."

"ఎవరూ లెక్క పెట్టకపోయినా పోతాంది," అని ఉస్తాద్ లేచాడు. "ఒక్క వైరు తగిలించి, సెట్టింగు సరిచేసి మూసేయండి. సుంకన్న వచ్చే పొద్దయింది. నేను నమాజు చేసుకొస్తా."

ఆయన షాపు వెనకున్న కొళాయి దగ్గరికి పోయాడు.

దానియేలు ఇంకా తేరుకోలేదు. "యాడ తప్పు పోయినానో ఉస్తాద్ చెప్పనేలేదు చూడు. ఇంక ఆదోని నీదేలేప్పా," అని, ఒక ఆకుపచ్చ వైరు చేతిలోకి తీసుకున్నాడు. "ఈసారి పైదాని వైరు పెడదామా? వేడంతా పోయేది ఆడినుంచే కదా. నీ ఫ్యాను లెక్కే చూపిద్దాం."

ఓబులేసు చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, కొళాయి వైపు నడిచాడు.

కొళాయి దగ్గర ఉస్తాద్ మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు. ఓబులేసు కొంచెం దూరంలో నిలబడ్డాడు. కాళ్లు కూడా కడుక్కుని ఆయన కొళాయి కట్టేదాకా ఆగాడు.

తర్వాత ఒక అడుగు ముందుకు వేసి, "ఉస్తాద్, ఆ టేపు..." అన్నాడు.