గున్నమ్మ ఒంటి మీద పూసిన తామర

ఒకప్పుడు పందికి బురదంటే అసహ్యం. ఇప్పుడు నవ్వుతారు గానీ, అప్పట్లో పందిని చూసే మనుషులు శుభ్రం నేర్చుకునేవాళ్ళు. వాన పడి దారిలో చిన్న గుంట కనిపిస్తే చాలు, పంది నాలుగు కాళ్ళూ కూడదీసుకుని దాని మీంచి దూకేది. పొరపాటున ఎవరి ముగ్గయినా తొక్కితే వెనక్కి వచ్చి, "తప్పయిపోయిందమ్మా" అని చెప్పి మరీ వెళ్ళేది. దాని ఒంటి మీద ఒక్క మచ్చ కూడా ఉండేది కాదు.

ఆ రోజుల్లో కాలవ గట్టున నాంచారమ్మ అనే ఆవిడ పందుల్ని పెంచుకునేది. ఆవిడకి పొలం లేదు, పుట్ర లేదు, ఉన్నవల్లా పందులే. వాటిల్లో పెద్దది గున్నమ్మ. నాంచారమ్మ దాన్ని తిట్టేది, తవుడు కలిపి పెట్టేది, చెవుల వెనక గోకేది, మళ్ళీ తిట్టేది.

ఒకరోజు పక్క ఊరి నుంచి పోలయ్య వచ్చాడు. పోలయ్య మాంసం కొట్టేవాడు. వాళ్ళ ఊళ్ళో పెళ్ళి ఉంది, విందుకి పంది కావాలి. దొడ్లోకి వచ్చి, దుప్పటి బేరం చేసేవాడిలా గున్నమ్మ వీపు నిమిరి చూశాడు.

"ఇది బాగుంది చెల్లెమ్మా. పెళ్ళి ముందురోజు వచ్చి తోలుకుపోతా."

"అట్టాగే అన్నా" అంది నాంచారమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

గున్నమ్మకి పై ప్రాణం పైనే పోయినట్టయింది. పోలయ్య గట్టు దాటగానే నాంచారమ్మ కాళ్ళకి అడ్డం పడింది.

"అమ్మా, నన్నివ్వమాకే!"

"ఇవ్వకపోతే నేనేం తిని బతకాలే?"

"నా తవుడులో సగం నువ్వు తిను. నేనేమీ అనుకోను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని నాంచారమ్మ నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే గుడిసెలోకి పోయి, గోడకున్న పటానికి దండం పెట్టుకుంది.

గున్నమ్మ గడప బయట కాళ్ళు తుడుచుకుని లోపలికి తొంగి చూసింది. పటంలో లక్ష్మీదేవి ఒక పెద్ద గులాబీరంగు పువ్వులో కూర్చుని ఉంది.

"అమ్మా, ఆవిడ దేని మీద కూచుంది?"

"తామర మీద."

"ఆ తామరని ముక్కలు కోసి కూర వండుకోరా?"

"నోరు ముయ్యి! చెంపలేసుకో! తామరంటే అమ్మవారు కూచునే పీట. తామర ఉన్నచోట కత్తి పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు."

చెంపలు వేసుకోవడం పంది వల్ల అయ్యే పని కాదు కాబట్టి గున్నమ్మ చెవులు ఊపి ఊరుకుంది. కానీ ఆ మాట దాని బుర్రలో నాటుకుపోయింది. ఒంటి మీద ఒక్క తామర ఉంటే చాలు, పోలయ్య ముట్టుకోడు!

వెంటనే తామరపూల కుంట దగ్గరికి పరుగెత్తింది. కాలికి బురద అంటకుండా గట్టు మీదే నిలబడి పిలిచింది.

"తామరా, తామరా! నా వీపు మీదికి వచ్చి కూచుంటావా?"

తామరపువ్వు మొహం తిప్పుకుంది. "నాకు కింద బురద ఉండాలి. ఆ బురద ఆరితే నా పని అయిపోయినట్టే. పైగా నువ్వు పందివి."

"ఆ చివరిమాట ముందే చెప్పి ఉంటే ఇంతసేపు నిలబడేదాన్ని కాదు" అంది గున్నమ్మ.

నాకైతే ఆ పువ్వు మీద ఇప్పటికీ కోపమే. పుట్టింది బురదలో, మాటలు మాత్రం మేడ మీద నుంచి మాట్లాడుతుంది.

గున్నమ్మ ఇంటికొచ్చి, "తామరా! ఓ తామరా!" అని ఏడుస్తూ దొడ్డంతా తిరిగింది. అప్పుడు మూలన నానిపోయిన చెక్క సందులోంచి ఓ సన్నటి గొంతు వినిపించింది.

"ఎవరది నన్ను పిలుస్తున్నారు?"

పిల్లలూ, తామర అనేది ఇంకొకటి ఉంది. ఒంటి మీద గుండ్రంగా లేచి, అంచులు పెంచుకుంటూ పాకే చర్మరోగం. దాన్నీ తామర అనే అంటారు. పువ్వుకీ రోగానికీ ఒకే పేరు పెట్టిన మహానుభావుడెవరో కనిపిస్తే నిలదీద్దామని చూస్తున్నాను, దొరకడం లేదు. ఆ తామర అప్పటిదాకా ఏ పంది ఒంటినీ ఎక్కలేదు. వరసకి అది బూజుకి చెల్లెలు. తడి చెక్కని పట్టుకుని, పిలిచేవాళ్ళు లేక ఈసురోమని బతుకుతోంది.

"నీ పేరు తామరేనా?" అని అడిగింది గున్నమ్మ.

"పుట్టినప్పటినుంచీ అదే."

"నా ఒంటి మీద ఉంటావా?"

చెక్క సందులో తామర ఉబ్బితబ్బిబ్బయింది. దాన్ని రమ్మన్నవాళ్ళు లోకంలో ఇంతవరకూ లేరు మరి. "చోటిస్తే చాలు, కాపురం పెట్టేస్తాను" అంది.

"బురద కావాలా నీకు?"

"తడి ఉంటే చాలు. ఎండ మాత్రం నాకు పడదు."

గున్నమ్మ సంతోషంగా చెక్కకి చెవి ఆనించి రుద్దింది.

కొన్నాళ్ళకి చెవి వెనక గుండ్రటి మచ్చ లేచింది. "పూసింది! పూసింది!" అని గున్నమ్మ గంతులు వేసింది. కూర్చోమంటే పడుకునే రకం ఆ తామర. చెవి వెనక నుంచి మెడకీ, మెడ నుంచి పొట్టకీ పాకింది. మిగతా పందులన్నీ చుట్టూ మూగాయి. "మాకూ కాస్త పెట్టవే!" అని బతిమాలాయి. గున్నమ్మది పెద్ద మనసు. అందరికీ ఒళ్ళు రుద్ది మరీ పంచింది. తవుడు పెట్టడానికి వచ్చిన నాంచారమ్మను చూస్తే జాలేసింది. 'పాపం, ఈవిడ ఒంటి మీద ఒక్క తామర కూడా లేదు. ఎవడైనా కత్తి తీసుకొస్తే గతేంటి?' అనుకుని ఆవిడ మోచేతికి చెవి వేసి గట్టిగా రుద్దింది.

పెళ్ళి ముందురోజు పోలయ్య తాడు పట్టుకుని వచ్చాడు. గున్నమ్మను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మో! దీనికి తామర ఉంది! నేను ముట్టుకోను!"

"చూశావా అమ్మా!" అని గున్నమ్మ అరిచింది. "ముట్టుకోడంట!"

నాంచారమ్మ మోచెయ్యి గోక్కుంటూ నెత్తి కొట్టుకుంది. "ఎక్కడ తెచ్చుకున్నావే దీన్ని?"

"నేనే పిలిచి తెచ్చుకున్నా. నీక్కూడా పెట్టానుగా!"

సంగతంతా బయటపడింది. నాంచారమ్మ కింద కూలబడింది.

"ఓసి పిచ్చిమొహమా! ఆ తామర వేరు, ఈ తామర వేరే! ఇది పువ్వు కాదు, రోగం! దీని మీద అమ్మవారు కాదు గదా, ఈగ కూడా కూచోదు!"

గున్నమ్మ చెవులు ఊపింది. "ఏ తామరైతేనేం? పోలయ్య ముట్టుకోలేదుగా?"

నాంచారమ్మ మళ్ళీ నెత్తి కొట్టుకుంది.

పోలయ్య మాత్రం తాడు చుట్టుకుంటూ అన్నాడు. "బెంగపడమాక చెల్లెమ్మా. కానుగ నూనె రాసి, ఎండలో కట్టెయ్యి. ఒళ్ళు పొడిగా ఉంటే తామర ఎండిపోద్ది. ఎండాక కబురంపు, పండక్కి తోలుకుపోతా."

ఎండాక! ఆ ఒక్కమాట గున్నమ్మ చెవిలో పడింది. అది వెనక్కి తిరిగి పరుగో పరుగు! గుంట కనిపిస్తే దూకి దాటే పంది, ఈసారి దాటలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, "ఛీ ఛీ" అనుకుంటూ కుంటలో దిగి, బురదలో బోర్లా పొర్లింది, వెల్లకిలా పొర్లింది. తామరపువ్వు కెవ్వున కేక పెట్టింది. వెనకాలే మిగతా పందులన్నీ దబదబా దూకాయి.

పోలయ్య వాళ్ళ ఊళ్ళో పెళ్ళికి గుమ్మడికాయ పులుసు పెట్టారు. పెళ్ళికొడుకు ఇంకా అలకపాన్పు దిగలేదట.

నాంచారమ్మ నూనె ముంత పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. తన మోచేతికి కాస్త రాసుకుంది. "ఎండలోకి రావే! నీకూ రాస్తా!" అని పిలిచింది. గున్నమ్మ బురదలోంచి ముట్టె మాత్రం బయటపెట్టి, రానంది. తిడదామని నాంచారమ్మ నోరు తెరిచింది గానీ తిట్టు రాలేదు. "సరే, ఉండు. చావకుండా ఉండు" అని, ముంత పక్కన పెట్టి గట్టు మీదే కూర్చుంది. ఆ యేడాది ఆవిడ గంజి తాగే గడిపింది.

అప్పటినుంచే తడి దొడ్లో ఒక పందికి తామర వస్తే మిగతావాటికీ పాకుతుంది, పెంచే మనిషినీ వదలదు. అప్పటినుంచే పంది బురద కనబడితే దిగి పొర్లుతుంది. చూసినవాళ్ళు ముక్కు మూసుకుని, "ఛీ, మురికి పంది" అంటారు. అననీ. ఒళ్ళు ఆరితే పోలయ్య వస్తాడని దాని భయం.