మూడు ముళ్ళ అంచు

ఆదోని పేటలో బొంతలు కుట్టే సుంకులమ్మను ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పదు, ఒక పని చెబుతుంది. ఐదేళ్ళుగా ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న హంపమ్మకు ఈ సంగతి తెలుసు. తెలిసీ, ఒకనాడు ఉండబట్టలేక అడిగింది. "అవ్వా, నా చెయ్యి తిరిగిందని ఎప్పుడంటావు?" ఆ మాట అవ్వ నోట వచ్చేదాకా పేటలో ఎవరూ హంపమ్మను నమ్మి బొంత ఇవ్వరు.

అవ్వ లేచింది. అదే పేటలో ఉండే తిక్కయ్య తాత ఇంటి నుంచి వచ్చిన పాత బొంతను హంపమ్మ ముందు వేసి, చినిగిన అంచు మార్చమంది.

హంపమ్మ పాత అంచు విప్పింది. ఒక పక్క లావు దారంతో వేసిన మూడు మొరటు ముళ్ళు కనిపించాయి. ఎవరో చేతకానివాళ్ళ పని అని నవ్వుకుని వాటిని కత్తిరించి పారేసింది. ఆపైన నాలుగు రోజులు ఆమెకు తిండి మీద ధ్యాస లేదు. పాత చీరల పీలికలు నేల మీద పరిచి మిరపకాయల వరస పేర్చి చూసింది. నచ్చలేదు. అలలు పేర్చింది, గళ్ళు పేర్చింది, అన్నీ చెరిపేసింది. చివరికి ఎరుపూ పసుపూ ముక్కోణాలు కుదిరాయి. నాలుగు పక్కలా ఒకే కొలత, వెంట్రుకవాసి తేడా లేదు. అవ్వ దాన్ని మడిచి చంకన పెట్టుకుంది. పోయి తిక్కయ్య చేతికే ఇద్దాం పదమంది. హంపమ్మకు ఒళ్ళు మండింది. తిక్కయ్యకు చూపు పోయి పదేళ్ళయింది మరి.

తిక్కయ్య మంచం మీద కూర్చుని అంచు పొడవునా వేళ్ళతో తడిమాడు. ఒక చుట్టు అయింది. మళ్ళీ మొదటి నుంచి తడిమాడు, ఈసారి తొందరగా. మూడో చుట్టు సగంలో ఆపి తల ఎత్తాడు.

"ముళ్ళు యాడ పోయినాయి పాపా?" అన్నాడు.

చూపు పోయిన ఏడాది ఆయన భార్య తలపక్కకు గుర్తుగా వేసిన ముళ్ళట అవి. కాళ్ళ పక్క పొరపాటున కూడా ముఖం మీదికి రాకూడదని. ఆమె పోయినా, ఆయన రోజూ ఆ ముళ్ళు వెతుక్కుని తనంతట తానే కప్పుకునేవాడు. కోడలిని మంచినీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడే మనిషి. "ఇంక దినామూ ఎవరినో ఒకరిని అడగాల, తలపక్క యాదని," అన్నాడు మెల్లగా. హంపమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అవ్వ వైపు చూసింది. అవ్వ గడపలో కూర్చుని వక్క కత్తిరించుకుంటోంది, తల ఎత్తలేదు.

హంపమ్మ అక్కడే కూలబడి ఒక పక్క ముక్కోణాలన్నీ విప్పేసింది. ముడికీ ముడికీ ఎంత దూరం ఉండేదో తాతను వేళ్ళు పెట్టి చూపించమంది. లావు దారం ఎక్కించి ముడి వేసింది. చిన్నదన్నాడు. తెంపి మళ్ళీ వేసింది. అది కాదన్నాడు. ఐదోసారికి ఆయన వేళ్ళు ముడి దగ్గర ఆగిపోయాయి. మిగతా రెండూ వేయించుకుని, బొంతను తనే తిప్పుకుని, మిట్టమధ్యాహ్నం గడ్డం దాకా కప్పుకుని పడుకున్నాడు.

తిరిగి వస్తుంటే హంపమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ వంకర పక్కను చూసినవాళ్ళు తనకు ఇంకేం పని ఇస్తారని అడిగింది. అవ్వ వీధి మలుపు దాకా నడిచి ఆగింది.

"రేపు వడ్ల రామక్క ఇంటికి బొంత తెచ్చేకి నువ్వే పో, నేను పంపినానని చెప్పు," అంది. "కత్తెర మాత్రం ఇంట్లో పెట్టి పో."