వెండి కళ్ళ మొక్కు

మా పెద్దమ్మ సుభద్రాంబ గారు ఏ ప్రశ్నకూ అడిగిన వెంటనే జవాబు చెప్పేవారు కారు. బొబ్బిలిలో మా ఇంటి వరండాలో సాయంత్రాలు ఆడవాళ్ళకు సహస్రనామం నేర్పేవారు. ఎవరైనా సందేహం అడిగితే, "కూచో తల్లీ, ఈ పని కాస్త అందుకో" అని చేతికి ఏదో ఒకటి ఇచ్చేవారు. మాల కట్టడానికి పూలో, వత్తులు చెయ్యడానికి పత్తో, ఏదీ లేకపోతే చేటో. పని అయ్యేసరికి సగం ప్రశ్న కరిగిపోయేది. మిగతా సగానికి ఆవిడ ఒక్క మాట అనేవారు. ఆ మాటలు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటాం.

వరహాలమ్మ ఆవిడకు చాలాకాలపు శిష్యురాలు. ఆమె భర్త అప్పలరాజు దర్జీ. ఆ ఏడు అతనికి కుడికన్ను మసకబారి, సూదిలో దారం ఎక్కించలేక మిషను మీద గుడ్డ కప్పేసి కూర్చున్నాడు. ఆపరేషను ముందు వరహాలమ్మ నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది. కంటి జబ్బు నయమైతే అమ్మవారికి వెండి కళ్ళు పెట్టడం మా వైపు ఉన్నదే. తల్లి చల్లగా చూసింది. అతనికి చూపు వచ్చింది. ఇక మొక్కు తీర్చాలి.

ఫోనులో వెండి నగలు అమ్మే పేజీ ఒకదానిలో ఆమెకు కళ్ళ జత కనిపించింది. తళతళలాడుతున్నాయి. ధర బజారు ధరలో సగం కూడా లేదు. కోడలు మౌనిక చూసి, "ఆ బరువుకి ముడి వెండే ఆ ధరకు రాదు అత్తయ్యా. హాల్‌మార్క్ ఉందేమో అడగండి" అంది. వరహాలమ్మ చెంపలు వేసుకుంది. మొక్కు వస్తువుకు బేరమాడకూడదు, వంక పెట్టకూడదు అన్నది వాళ్ళమ్మ నేర్పిన పట్టింపు. అడిగితే మొక్కునే శంకించినట్టు. అయినా కోడలి మాట కాలిలో ముల్లులా ఉండిపోయింది. తల్లి నిజమైన చూపు ఇస్తే తను తిరిగి నకిలీ కళ్ళు పెడితే? ఆ తర్వాత ఆయన కంటికి మళ్ళీ ఏమైనా అయితే?

అందుకని డబ్బు పంపకుండా, ఫోను కొంగున చుట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"గురువమ్మా, దేవుడి వస్తువును అనుమానించడం పాపం కాదా?"

పెద్దమ్మ చేట అందించారు. "రేపు దద్ధ్యోదనానికి బియ్యం. కాస్త ఏరిపెట్టు."

వరహాలమ్మ అడిగిన మాట అలాగే వదిలేసి ఏరసాగింది. ఒక మట్టిబెడ్డ వచ్చింది. వడ్లగింజలు వచ్చాయి. ఒక తెల్లరాయి అచ్చం బియ్యంగింజలాగే ఉంది, వేలికి తగిలితే గానీ తెలియలేదు. గోటితో తీసి పక్కన పెట్టింది.

"అదేమిటి వరహాలూ, దేవుడికి పెట్టే బియ్యాన్ని అలా అనుమానిస్తున్నావు?" అన్నారు పెద్దమ్మ.

"బాగుందమ్మా, ఏరకుండా ఎసట్లో పోసి స్వామి పన్ను విరగ్గొట్టమంటారా?" అని నవ్వింది వరహాలమ్మ. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది.

"నైవేద్యాన్ని ముందుగా రుచి చూడొద్దన్నారు పెద్దలు. బియ్యం ఏరొద్దని ఎవరూ అనలేదు" అని పెద్దమ్మ దీపం వెలిగించడానికి లోపలికి వెళ్ళారు.

వరహాలమ్మ చేట దించి, ఫోను నా చేతిలో పెట్టి రాయమంది. హాల్‌మార్క్ ఉందా, వెండి శాతం ఎంతో బిల్లు మీద రాసిస్తారా, పరీక్ష చేయించి తేడా వస్తే వెనక్కి తీసుకుంటారా అని రాశాను. "ప్యూర్ సిల్వర్ మేడమ్, ఆఖరి జత, వెంటనే పే చేయండి" అని జవాబు వచ్చింది. అడిగిందే మళ్ళీ అడిగాం. ఈసారి, "అమ్మవారి వస్తువు మేడమ్. అనుమానించకూడదు" అని వచ్చింది.

వరహాలమ్మ అది చదివించుకుని విని, "వీడెవడమ్మా, మా అమ్మలా మాటాడుతున్నాడు?" అంది. బిల్లు సంగతి ఇంకోసారి అడిగేసరికి ఆ పేజీవాడు మమ్మల్ని బ్లాక్ చేశాడు. ఆమె వరండా స్తంభానికి ఆనుకుంది. "గండం గడిచింది తల్లీ" అని మాత్రం అంది.

తర్వాత మౌనిక ఫోనులోనే ఇంకో దుకాణం వెతికింది. బరువు, శాతం, హాల్‌మార్క్, వాపసు షరతు అన్నీ అక్కడే రాసి ఉన్నాయి. ధర బజారు ధరే. వరహాలమ్మ మళ్ళీ అన్నీ అడిగింది, అన్నిటికీ జవాబు వచ్చింది. పార్సిల్ రాగానే పసుపు కూడా పెట్టకుండా, కోడలిని వెంటబెట్టుకుని తెచ్చి పెద్దమ్మ ముందు విప్పింది. ఒక వెండి కన్ను తిప్పి చూస్తే వెనక అంచున ఆవగింజంత గుర్తు, పక్కన ఏవో అక్షరాలు. పెద్దమ్మ కళ్ళజోడుకు అందలేదు. నాకూ అలుక్కుపోయినట్టే ఉంది.

కోడలినీ భార్యనూ ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన అప్పలరాజు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "ఇలా తే" అని అందుకుని వెలుతురుకు ఎత్తాడు, సూది బెజ్జం చూసినట్టు. ఎడమకన్ను మూసి కుడికంటితో ఒక్కొక్క అక్షరమే చదివాడు. మౌనిక వాటిని సర్కారు వారి హాల్‌మార్క్ యాప్‌లో కొట్టింది. వస్తువు వివరం, వెండి శాతం, బిల్లులో ఉన్నట్టే వచ్చాయి.

వరహాలమ్మ కొంగు కళ్ళకు అద్దుకుంది.

"వెండేనే. ఇంకా ఎందుకు ఏడుపు?" అన్నాడు అప్పలరాజు.

"ఊరుకోండి, మీకేం తెలుసు" అని భర్తను కసిరి, ఆమె పెద్దమ్మ వైపు తిరిగింది. "ఇంత శోధన చేశాను. తల్లికి కోపం రాదంటారా గురువమ్మా?"

పెద్దమ్మ ఆ వెండి కళ్ళకు పసుపు, కుంకుమ పెట్టి ఆమె దోసిట్లో ఉంచారు.

"గుర్తు చదివింది ఏ కన్నో చూశావు కదా" అన్నారు.