పెళ్ళికూతురి రంగు

ఒంగోలు కలర్ ల్యాబ్‌లో కెజియా దిద్దిన పెళ్ళి ఆల్బం రెండోసారి తిరిగొచ్చింది. పెళ్ళికూతురు ఇందుమతి మొదటి పేజీకి చీటీ అంటించి పంపింది: "ఈ అమ్మాయెవరో నాకు తెలీదు."

మూడోసారీ తిరిగొస్తే కంప్యూటర్ ముందునుంచి లేపి అట్టలు అంటించే బల్ల దగ్గర కూర్చోబెడతానని యజమాని చెప్పేశాడు. ఫొటోలు దిద్దే కోర్సులో ఫస్టొచ్చిన పిల్ల. అట్టలు అంటించడానికా హైదరాబాద్ వెళ్ళి చదివింది?

ఆల్బం చంకన పెట్టుకుని మస్తానమ్మ దగ్గరికెళ్ళింది. నలుపు తెలుపు ఫొటోలకి కుంచెతో రంగులద్దిన రోజులనుంచీ ఆ ల్యాబ్‌లో రంగుల విషయంలో మాట ఆమెదే. పని నేర్పమంటే నేర్పుతుంది. ఓదార్చమంటే మాత్రం ఇంకో గుమ్మం చూసుకోమంటుంది.

"నా మానిటర్‌లో బ్రహ్మాండంగా ఉందండీ. ప్రింటర్‌లోనే ఏదో తేడా," అంది కెజియా.

మస్తానమ్మ పేజీలు తిప్పింది. ఇందుమతి మొహం బియ్యప్పిండిలో ముంచి తీసినట్టుంది.

"బ్రహ్మాండంగానే ఉంది. మనిషే లేదు."

మస్తానమ్మే లేచి కెజియా బల్ల దగ్గరికొచ్చి మానిటర్ ఆపేసింది.

"ఏం కనిపిస్తోంది?"

"ఆపేశారు కదా. ఏముంటుంది?"

"చూడవే."

చూసింది. నల్లటి తెరలో వెనకున్న కిటికీ తెల్లగా మెరుస్తోంది. ట్యూబ్‌లైట్ అడ్డంగా గీత గీసింది. తన పసుప్పచ్చ చున్నీ, దానిపైన తన మొహం.

"ఇంతమందిలో ఆ పిల్లకి చోటెక్కడుందే?" అని మస్తానమ్మ తన కుర్చీలోకి వెళ్ళిపోయింది.

కెజియాకి చెవులు వేడెక్కాయి. కిటికీ పక్కకొచ్చేలా బల్ల తిప్పింది. కిటికీకి నల్లగుడ్డ కట్టింది. ట్యూబ్‌లైట్ ఆపింది. చున్నీ కనబడకుండా, కొక్కానికున్న మస్తానమ్మ బూడిదరంగు కోటు తీసి తొడుక్కుంది. మానిటర్‌ని అరగంట వెలగనిచ్చి, రంగుల్ని రెచ్చగొట్టే మోడ్ తీసేసి మామూలుది పెట్టింది. ఎండకి తెర వెలవెలబోతోందని తనే వందకి ఎక్కించిన బ్రైట్‌నెస్‌ని ఒక్కో అంకే దించింది. తిరిగొచ్చిన పేజీని పక్కన పట్టుకుని, తెరా కాగితమూ ఒక్కలా కనిపించేదాకా దించింది.

ఇప్పుడు తెరమీద కూడా పిండిబొమ్మే. పాపం, ప్రింటర్ అబద్ధమాడలేదు.

దిద్దకముందు తీసిన అసలు ఫొటో తెరిచింది. ఇందుమతి నలుపు. బడిపిల్లలచేత వాలీబాల్ ఆడించే టీచరు, ఎండలో నిగ్గుదేలిన నలుపు. కుంకుమరంగు చీర ఆ ఒంటిమీద మండుతోంది.

కెజియా చెయ్యి దానంతటదే కదిలింది. పెళ్ళికూతురనగానే నాలుగు పాళ్ళు తెలుపు కలపడం ఆ చేతికి అలవాటు.

ఎప్పుడొచ్చిందో, మస్తానమ్మ మౌస్ లాక్కుని, స్టూలు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పు. ఆ పిల్లకేం తక్కువ?"

కెజియా చాలాసేపు చూసింది.

"ఏమీ తక్కువ లేదండీ."

"అయితే ప్రింటుకి పంపు."

"మౌస్ ఇవ్వండి మరి."

"కీబోర్డుందిగా. కోర్సులో ఫస్టటగా."

మర్నాడు ఇందుమతి అత్తగారితో వచ్చింది. అత్తగారు పేజీ తిప్పి మూతి ముడిచింది.

"మరీ ఇంత నలుపా? కాస్త తెల్లగా చెయ్యకూడదామ్మా?"

"రెండుసార్లు చేశారు కదత్తయ్యా," అంది ఇందుమతి. "ఆ తెల్లావిడే నచ్చితే రేపట్నించి కాఫీ కూడా ఆవిడచేతే పెట్టించుకోండి."

ఆల్బం తీసుకుని గుమ్మంలోకి, ఎండలోకి నడిచింది. పేజీని చెంప పక్కన పెట్టుకుని ఇటు తిరిగింది. ల్యాబంతా పని ఆపి చూసింది. యజమాని కూడా చూశాడు. అదే నలుపు, అదే నిగ్గు. అత్తగారు ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసి, ఇంకో కాపీ తనకీ కావాలంది.

"ఈసారి ఏం చేశారండీ?" అని అడిగింది ఇందుమతి.

"ఏమీ చెయ్యలేదండీ," అంది కెజియా, తలెత్తుకుని.

మస్తానమ్మ పగలబడి నవ్వింది.

"అది రావడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది. దీనికి ఒక్క పూటలో వచ్చేసింది."