మూడు లెన్సులు, ఒక చేప దవడ

అనగనగా ఒక ఊళ్ళో కాదు, ఊరికి కాస్త ఇవతల, ఒక రైలు గేటు ఉండేది. ఆ గేటు వేసి తీసే మనిషి పేరు నీలవేణి. బండి వచ్చే ముందు గేటు వేసేది. బండి పోయేదాకా పచ్చజెండా పట్టుకుని నిలబడేది. ఆ తర్వాత గేటు తీసేది. ఆమె ఉద్యోగం అదే.

ఆమెకి ఒక సరదా ఉండేది. ఫోటోలు తీయడం. డ్యూటీలో ఉన్నంతసేపూ కెమెరా ముట్టేది కాదు. డ్యూటీ దిగిందంటే మాత్రం అది మెడలో పడాల్సిందే.

కెమెరాకి ముందు ఒక గాజు కన్ను ఉంటుంది చిట్టీ. దాన్ని లెన్సు అంటారు. కొన్ని కెమెరాల్లో దాన్ని తిప్పి ఊడదీసి, ఇంకోటి పెట్టుకోవచ్చు. నీలవేణి దగ్గర అలాంటివి మూడు ఉండేవి. మూడింటికీ పేర్లు పెట్టుకుంది.

పెద్దది పొడుగమ్మ. ఆనపకాయంత ఉండేది. పొలాలవతల వాలిన కొంగని తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టినట్టు చూపించేది. రెండోది వెడల్పమ్మ. పెళ్ళిభోజనాల పంక్తి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్క చూపులో చూసేది. మూడోది పొట్టెమ్మ. బెల్లం అచ్చంత ఉండేది. మన కన్ను ఎలా చూస్తుందో అలాగే చూసేది. దగ్గరికి లాగేది కాదు, దూరం తోసేది కాదు.

ఏమిటీ, నా కంట్లో కూడా లెన్సు ఉందా? ఉంది. డాక్టరు పెట్టాడు. దాన్ని ఊడదీసి ఇంకోటి పెట్టుకునే వీలు లేదు కాబట్టి నాకు ఎంచుకునే బాధ లేదు. మధ్యలో మాట్లాడకు.

నీలవేణికి పొడుగమ్మ అంటే ప్రాణం. పక్షులన్నీ దానితోనే తీసేది. వెడల్పమ్మని పండగలకీ పెళ్ళిళ్ళకీ తీసుకెళ్ళేది. పొట్టెమ్మని మాత్రం "ఇదేం చేస్తుందిలే, అందరూ చూసేదే చూస్తుంది" అని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టేసింది. రెండు కలరా ఉండలు కూడా వేసింది, పురుగు పట్టకుండా. అలా ఐదు వానాకాలాలు గడిచాయి.

గేటు దాటితే నూలు వడికేవాళ్ళ ఊరు. అక్కడ అసిరమ్మ అని ఒక ముసలామె ఉండేది. ఆమె పత్తి దువ్వడానికి ఏం వాడేదో తెలుసా? వాలుగ చేప దవడ. ఎండిన దవడ. దాని నిండా సన్నసన్నని పళ్ళు. ఆ పళ్ళతో దువ్వితే పత్తిలో ఉన్న చెత్తంతా రాలిపోయి, పోగులు పట్టులా వరుసగా పడుకునేవి. ఆ దూదితో వడికిన నూలు వెంట్రుకంత సన్నంగా వచ్చేది. ఒకప్పుడు ఊళ్ళో ఇంటింటా ఆ పని తెలుసు. తర్వాత ఆడవాళ్ళందరూ జీడిపప్పు కొట్టే పనికి పోయారు. మిగిలింది అసిరమ్మ ఒక్కతే.

ఒక గురువారం ఆమె కర్ర పొడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది.

"ఏటే గేటమ్మా, ఆ గొట్టంతో కొంగల్నీ కాకుల్నీ తీస్తావు గదా. నన్నొక్కసారి తియ్యి" అంది.

"ఎందుకు పెద్దమ్మా? పెళ్ళిచూపులా?" అంది నీలవేణి.

"నా పెళ్ళిచూపులకి మీ అమ్మ కూడా పుట్టనేదు. ఈ కాయితం సదువు."

పట్నంలో నూలు సంఘంవాళ్ళు పంపిన కాగితం అది. చేప దవడ పని నేర్పడానికి ఒక బడి పెడతాం అని రాశారు. ఏ ఊళ్ళో ఆ పని నిజంగా బతికి ఉందో ఆ ఊళ్ళోనే పెడతారట. దానికి ఒక ఫోటో పంపాలి. దవడ, దువ్వే చేతులు, మనిషి ముఖం, మూడూ ఒకే ఫోటోలో తేటగా కనబడాలి. ఎందుకంటే కొందరు చేతులు ఒకరివీ ముఖం ఇంకొకరిదీ పంపి మోసం చేశారట. ఆదివారం చీకటిపడేలోగా ఫోటో అందాలి.

"బడి పొరుగూరికి పోతే నా మోకాళ్ళు అంతదూరం రావు" అంది అసిరమ్మ. "నేర్పేదాన్ని నానే నేకపోతే ఆళ్ళేటి నేర్సుకుంటారు? నాతోటే ఈ పని బూడిదైపోద్ది."

"ఫోటోయేగా, రేపు తీసేస్తా" అంది నీలవేణి. అంత ధీమా.

శుక్రవారం పొద్దున్నే పొడుగమ్మని తగిలించుకుని వెళ్ళింది. అసిరమ్మది ఒకే గది ఇల్లు. పొడుగమ్మతో ఆ గదిలో నిలబడితే ముసలామె ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు నీలవేణి వెనక్కి వెనక్కి నడిచింది. గుమ్మం దాటింది. వీధి దాటింది. ఎదురింటి మేకల దొడ్లోకి వెళ్ళి నిలబడింది. అప్పటికి మనిషి పూర్తిగా కనబడింది. కానీ గదిలో వెలుతురు తక్కువ. పొడుగమ్మ లోపలికి వెలుతుర్ని తలుపు సందులోంచి రానిచ్చినట్టు పిసరంతే రానిస్తుంది. ఫోటోలో ముఖమైతే వచ్చింది. ఆడుతున్న చేతులు మాత్రం పొగలా అలుక్కుపోయాయి.

అసిరమ్మ ఆ ఫోటో చూసింది. "నా సేతులేవే? మేక తినేసిందా?" అంది.

మధ్యాహ్నం నీలవేణి వెడల్పమ్మని తెచ్చింది. ఈసారి గదిలోనే కూర్చుంది. గది మొత్తం వచ్చింది. కుండలు వచ్చాయి, దండెం మీద తువ్వాలు వచ్చింది, చూరుకి వేలాడే ఉల్లిపాయలు వచ్చాయి. మూలన ఎక్కడో అసిరమ్మ చింతగింజంత వచ్చింది. అప్పుడు నీలవేణి బాగా దగ్గరికి జరిగింది. దగ్గరికి జరిగితే వెడల్పమ్మ ఊరుకోదు. ముందున్న దాన్ని ఉబ్బిస్తుంది, వెనకున్న దాన్ని నొక్కేస్తుంది. చేతులు చేటలంత అయ్యాయి. తల నిమ్మకాయంత అయింది.

"ఓలమ్మో! ఇది నానా, పీతా?" అంది అసిరమ్మ. చూసి నవ్వింది. నవ్వి, దవడ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "సూడు గుంటా, నవ్వులాట కాదు. ఇంక రెండ్రోజులే ఉంది" అంది.

నీలవేణికి సిగ్గేసింది. ఇంటికి పోయి ట్రంకుపెట్టె తెరిచింది. పొట్టెమ్మ గుర్తొచ్చింది మరి. పొట్టెమ్మ అటు లాగదు, ఇటు ఉబ్బించదు. పైగా వెలుతుర్ని తలుపు బార్లా తీసినట్టు రానిస్తుంది. చీకటి గదికి అదే సరైంది. సంచి విప్పి దీపం దగ్గర పెట్టి చూసింది. చూస్తే ఏముంది? గాజు లోపల సాలెపోగుల్లాగా బూజు.

శనివారం డ్యూటీ దిగగానే బస్సెక్కి బజారుకి పరిగెత్తింది. అక్కడ గడియారాలూ కెమెరాలూ బాగుచేసే కరీముల్లా గారని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పొట్టెమ్మని వెలుగుకి పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"పెట్టెలో పెట్టి తాళం వేశావా అమ్మా?"

"జాగ్రత్తగా దాచానండీ. కలరా ఉండలు కూడా వేశాను."

"ఆ జాగ్రత్తే దీన్ని పాడుచేసింది. చీకట్లో, చెమ్మలో, గాలాడకుండా పెడితే గాజుకి కూడా బూజు పడుతుంది. రోజూ వాడేదానికి ఏ రోగమూ రాదు. విప్పి తుడవాలంటే పది రోజులు పడుతుంది."

"నాకు రేపటికి కావాలి. పోనీ ఎండలో పెట్టనా?"

"అప్పడమా ఎండలో పెట్టడానికి? ఇలా విను. బూజు అంచుకే పట్టింది, మధ్యలో గాజు బాగానే ఉంది. వెలుగు ఎదురుగా వచ్చి కొడితే మాత్రం బొమ్మ మొత్తం మజ్జిగ చల్లినట్టు తెల్లబోతుంది. వెలుగు నీ వెనకనుంచి వచ్చేలా చూసుకో. గట్టెక్కుతావు."

అప్పుడు నీలవేణి ఆయనకి దండం పెట్టి, ఆఖరి బస్సుకి తిరిగొచ్చింది.

తెల్లారితే ఆదివారం. ఆ రోజు ఆమెకి మధ్యాహ్నం డ్యూటీ. చేతిలో ఉన్నది ఒక్క పూటే. పొద్దున్నే నీలవేణి వెళ్ళి, అసిరమ్మ గుమ్మంలో వెలుగుని వెనక పెట్టుకుని నిలబడింది.

"నా ఎలుగుకి అడ్డం నించుంటే నాను పనెలాగ సేసేది? తప్పుకో" అంది అసిరమ్మ.

అప్పుడు నీలవేణి గుమ్మం పక్కన నేల మీద గొంతుక్కూర్చుంది. వెలుగు ఆమె తల మీదుగా పోయి అసిరమ్మ మీద పడింది. బాగుంది. ఒక ఫోటో తీసింది. ముఖం తేటగా వచ్చింది, చేతులు మసక. ఇంకోటి తీసింది. చేతులు తేటగా వచ్చాయి, ముఖం మసక. మూడోది రెండింటికీ మధ్యలో చూపు పెట్టి తీసింది. రెండూ మసక.

ఎందుకలా? పొట్టెమ్మ తలుపు బార్లా తీస్తే వెలుతురు బాగా వస్తుంది గానీ, ఒక్క వరుసలో ఉన్నదే తేటగా కనబడుతుంది. ఆ వరుసకి ముందున్నదీ వెనకున్నదీ మసకబారిపోతాయి. అసిరమ్మ చేతులేమో ఒళ్ళో ఉన్నాయి, ముఖమేమో వెనక్కి ఉంది. లెన్సు తలుపు కాస్త మూద్దామంటే గదిలో చీకటి.

"పెద్దమ్మా, చేతులు కాస్త పైకెత్తి పట్టుకో" అంది నీలవేణి.

అసిరమ్మ ఎత్తింది. అలా ఎత్తితే బొమ్మలకొలువులో బొమ్మలా ఉంది. పని చేస్తున్నట్టు లేదు.

"దవడని గెడ్డం కాడ ఎట్టుకుని పత్తి దువ్వుతారేటి ఎవరైనా? పని తెలిసినోళ్ళు సూస్తే నవ్వుతారు" అని దవడ కింద పెట్టేసింది. "నా పని నీకు తెల్దు. తెలీని పనిని ఏటి తీస్తావు? ఆ డబ్బా అక్కడెట్టి, ఇలగొచ్చి కూకో."

నీలవేణి గడియారం చూసింది. తొమ్మిదిన్నర. ఒంటిగంటకి గేటు దగ్గర ఉండాలి. అయినా కెమెరా పీట మీద పెట్టి, వెళ్ళి పక్కన కూర్చుంది.

అసిరమ్మ ఆమెకి ఇంకో దవడ ఇచ్చింది. కాస్త పత్తి ఇచ్చింది. దువ్వమంది. మొదటి దువ్వుకే వేలికి పన్ను గుచ్చుకుంది. రెండో దువ్వుకి పత్తి ఉండకట్టింది. "తల దువ్వుతున్నావా, గడ్డి పీకుతున్నావా?" అని అసిరమ్మ ఒక మొట్టికాయ వేసింది. నీలవేణి మళ్ళీ దువ్వింది. మళ్ళీ. మళ్ళీ. పదిన్నర అయింది. పదకొండు అయింది. అప్పుడు పత్తి మాట వినడం మొదలుపెట్టింది. పోగులు వరుసకి వచ్చాయి.

దువ్వాక అందులో ఇంకా నలుసులు ఉన్నాయో లేవో చూడాలి కదా. నీలవేణి దవడని అలాగే పట్టుకుని, దానిమీది దూదిని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ఉఫ్ అని ఊదింది. నలుసులు ఎగిరిపోయాయి. అది ఆమెకి ఎవరూ చెప్పలేదు. పని చేస్తుంటే చేతులే వెళ్ళాయి.

పక్కకి చూసింది. అసిరమ్మ కూడా అలాగే దూదిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని ఊదుతోంది. ప్రతి గుప్పెడికీ ఒకసారి ఊదుతోంది. శుక్రవారం నుంచీ ఊదుతూనే ఉంది. నీలవేణి కెమెరాలో తలపెట్టి ఉండి ఒక్కసారీ చూసుకోలేదు.

ఊదేటప్పుడు దవడా, చేతులూ, ముఖమూ మూడూ ఒకే వరుసలో ఉన్నాయి!

నీలవేణి ఒక్క గెంతులో గుమ్మం పక్కకి వెళ్ళి కూర్చుంది. "పెద్దమ్మా, నా వైపు చూడకు. నీ పని నువ్వు చేసుకో" అంది.

"నిన్ను సూస్తూ కూకోడానికి నాకు పని నేదేటి?" అంది అసిరమ్మ.

మొదటి గుప్పెడు. దువ్వింది, ఎత్తింది, ఊదింది. అప్పుడే గుమ్మంలోకి మేక వచ్చి నిలబడింది. ఫోటో నిండా కొమ్ములు. రెండో గుప్పెడు. ఊదేలోపు ఆమెకి తుమ్మొచ్చింది. దూదంతా గదిలో ఎగిరింది. మూడో గుప్పెడు. దువ్వింది. ఎత్తింది. బుగ్గలు నిండుగా పట్టి, కళ్ళు చిన్నవి చేసి, మెల్లగా ఊదింది.

టిక్.

దవడ మీద ప్రతి పన్నూ లెక్కపెట్టేలా వచ్చింది. చేతుల మీద నరాలు వచ్చాయి. ముఖం వచ్చింది. గాల్లో తేలుతున్న ఒక్క నలుసు కూడా వచ్చింది. నీలవేణి అక్కడికక్కడే ఫోటోని ఫోన్లో పంపేసి, పన్నెండూ నలభైకి గేటు వైపు పరుగు తీసింది.

ఆ తర్వాత ఒకరోజు పోయింది. రెండు రోజులు పోయాయి. మూడో రోజు సంఘం నుంచి ఒకాయన స్కూటరు మీద వచ్చాడు. అసిరమ్మ గది చూశాడు, దవడ చూశాడు, ఆమె పక్కన కూర్చుని ఒక గుప్పెడు దువ్వించి చూశాడు. "పదకొండు ఊళ్ళ నుంచి ఫోటోలు వచ్చాయమ్మా. అందరూ కెమెరా వైపే చూస్తున్నారు. పని వైపు చూస్తున్నది మీరొక్కరే" అన్నాడు.

అని, సంచిలోంచి పుస్తకం తీశాడు. "బడి ఇక్కడే. పంతులమ్మ పేరు ఏమని రాయమంటారు?"

అసిరమ్మ నిటారుగా కూర్చుంది. చీర మీది దూది దులుపుకుంది.

"అసిరమ్మ టీచరు అని రాయి" అంది. "ముందల శ్రీమతి కూడా తగిలించు."

బడిలో ఆరుగురు చేరారు. వారం తిరక్కుండా ఇద్దరు వేళ్ళు నొప్పెడుతున్నాయని పారిపోయారు. నలుగురు నిలిచారు. నలుగురంటే తక్కువేం కాదు చిట్టీ. నిన్నటిదాకా ఆ ఊళ్ళో ఆ పని చేసేది ఒక్కరే.

పొడుగమ్మని పారేసిందా అంటావా? ఎందుకు పారేస్తుంది! పక్కకెళ్ళి కూర్చుని దువ్వుదామంటే కొంగ ఉంటుందా? దేని పని దానిదే. బాగైపోయి వచ్చిన పొట్టెమ్మ మాత్రం ఇప్పుడు ట్రంకుపెట్టెలో లేదు, గేటు గదిలో గాలి తగిలే అరలో ఉంది. ఇంక చాలు, కాళ్ళు దుప్పట్లో పెట్టు.

కథ కంచి బండెక్కింది,
మనకి మంచం దక్కింది,
దూది తెల్లన, దుప్పటి చల్లన,
కళ్ళు మూసుకో మెల్లమెల్లన.