దారి వదిలిన ఎర్రన్న

గద్దరాళ్ల గుట్ట పేరు చెబితేనే ఆ అడవిలో అందరికీ హడలు. అక్కడ చిరుతమ్మ కాపురం. పిల్లలు పెట్టిన తల్లి కదా, ఆకలి ఎక్కువ, ఓపిక తక్కువ.

ఒకనాడు వాగు దగ్గర నీళ్లు తాగుతున్న బొల్లి అనే కొండమేకను పట్టి ఈడ్చుకొచ్చింది చిరుతమ్మ. చంపలేదు. చుట్టూ నిటారు బండలున్న గుంటలోకి తోసి, ఉన్న ఒక్క దారికీ ఎర్రన్నను కాపలా పెట్టింది.

ఎర్రన్న ముసలి రేచుకుక్క, అంటే అడవికుక్క. కాలు కుంటిపడ్డాక మంద అతన్ని వదిలేసి పోయింది. చిరుతమ్మ విసిరే బొమికలతోనే బతుకు వెళ్లదీస్తున్నాడు.

"నన్నేం చేస్తారు?" వణుకుతూ అడిగింది బొల్లి.

"దొరసాని పిల్లలకి కాళ్లు గట్టిపడగానే నిన్ను వాటి ముందు వదులుతుంది. నీ మీద వేట నేర్చుకుంటాయి."

"అయ్యో, కాస్త మెత్తగా చెప్పకూడదా?"

"నేను మెత్తగా చెబితే వాటి పళ్లు మెత్తబడతాయా?"

సాయంత్రం ఎర్రన్న తన వాటా బొమికను ఆమె ముందుకు తోశాడు. "తిను."

బొల్లి వాసన చూసి వెనక్కి గెంతింది. "ఇది మా పెద్దమ్మదేమో! మేం ఆకులు తింటామయ్యా."

మర్నాడు అతను అడ్డసరం కొమ్మ తెచ్చాడు. "మేక మేయని ఆకు లేదంటారు గానీ, దీనికి మాత్రం మేం మూతి పెట్టం," అంది బొల్లి. ఎర్రన్న గొణుక్కుంటూ దారి పక్కకే పోయి ఈసారి రేగు కొమ్మ విరుచుకొచ్చాడు. ముళ్లు గుచ్చుకుని పెదాల నిండా నెత్తురు.

"మేపేది కోతకే కదా?" అంది బొల్లి.

"అవును."

"మరి మూతి చీల్చుకుని ఇదంతా ఎందుకు?"

ఎర్రన్న పెదాల నెత్తురు నాక్కున్నాడు. "ఎదుట ఒక ప్రాణి ఆకలితో ఉంటే చూస్తూ కూర్చోలేను. ఆకలంటే ఏమిటో నాకు తెలుసు."

బొల్లి తినింది. భయమైతే పోలేదు. పడుకున్నా అతని పళ్ల వైపే మొహం పెట్టి పడుకునేది. కానీ అతను దారి మొదట్లోనే ఉన్న నీళ్ల చెలమకు పోయి వచ్చేలోపు తన చూపు అటే ఉంటోందని ఆమెకే తెలిసొచ్చింది. వచ్చాక ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్లు. ఆమె ఎత్తు కొండల గాలి గురించి చెబితే, అతను కాళ్లు నాలుగూ ఆడిన రోజుల గురించి చెప్పేవాడు.

ఒకరోజు ఎర్రన్న చెలమ దగ్గర ఉండగా, బండ మీంచి గుంటనక్క తొంగిచూసింది.

"కూతురా, ఎంత చిక్కిపోయావే! నీ కష్టం చూడలేక నీ కాపలావాడితో మాట్లాడాను. పొద్దు వాలగానే వాడు పక్కకు తప్పుకుంటాడు. నువ్వు వాగు మలుపులో రెల్లు పొదల దగ్గరికి రా. అవతలి కొండకి చేరుస్తా."

"ఆ మాట ఎర్రన్నే నాకు చెప్పొచ్చుగా?"

"సిగ్గుపడుతున్నాడు, పాపం!"

నక్క పోయింది. పారిపోవాలని బొల్లి కాళ్లు లాగుతున్నాయి. కానీ చావు సంగతి మొహం మీదే చెప్పినవాడు బతుకు సంగతి చెప్పడానికి సిగ్గుపడతాడా? ఎర్రన్న రాగానే దాచకుండా అడిగేసింది.

"నేనేమీ అనలేదే," అన్నాడతను. "పొద్దు వాలగానే దొరసాని గుట్ట వెనక్కి రమ్మందని, పందితల ఇస్తుందని పొద్దున ఆ నక్కే నాతో చెప్పింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతన్ని ఇక్కణ్నుంచి లేపేసి, ఆమెను రెల్లులో మింగేసి, తప్పు అతని మీదికి తొయ్యాలని నక్క ఎత్తు.

"దొరసానికి చెబుతా," అని లేచి, దారికి ఎదురుగానే ఉన్న చిరుతమ్మ గుహ వైపు నడిచాడు ఎర్రన్న.

బొల్లి మొహం వాడిపోయింది. "చెప్పు. నీకు బొమికలు పెరుగుతాయి."

అతను తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. "చెప్పాను. దొరసాని వెళ్లి రెల్లులో మాటు వేసింది. ఆమె అటుంది, ఇటు గుట్ట ఖాళీ," అంటూ కుంటికాలు ఈడ్చుకుంటూ దారిలోంచి పక్కకు జరిగాడు. "పో."

బొల్లి ఒక్క అడుగు వేసి ఆగింది. "మరి నువ్వు?"

"నా సంగతి నేను చూసుకుంటా."

"చూసుకోవడానికి నువ్వు మిగలాలి కదా! నువ్వు కదిలితేనే నేనూ కదులుతా."

వద్దు వద్దంటూనే ఎర్రన్న కదిలాడు. ఎత్తు ఎక్కేటప్పుడు అతను ఆగినప్పుడల్లా ఆమె ఆగింది. జారినచోట తన వీపు ఆసరా ఇచ్చింది. చెంగున గెంతే కాళ్లు ఆ వేళ కుంటి అడుగులతో కలిసి నడిచాయి.

కొండ చేరాక బొల్లి మందకు పెద్ద అయిన పోతుమేక కొమ్ములు వంచింది. "రేచుకుక్కను వెంటేసుకొస్తావా? కొరివితో తల గోక్కుంటావా?"

"నన్ను బంధించి కాపలా కాసింది ఇతనే, వదిలింది ఇతనే. మొదటిది మరిచిపోయానని అనను. రెండోదానికి మాత్రం బతికినంత కాలం రుణపడి ఉంటాను. మీరు పొమ్మంటే ఇద్దరం పోతాం," అంది బొల్లి.

పోతుమేక వంచిన కొమ్ములు పైకెత్తింది. కొండ దిగువన, ఎలకలు దొరికే రాళ్లగుట్టలో ఎర్రన్నకు చోటిచ్చారు. చిరుత వాసన తగిలితే చాలు, అతని కూత పైదాకా వినిపించేది.

"నిన్ను కాపలా కాసినవాణ్ని. నాకోసం ఎందుకు ఆగావు?" అని ఒకసారి అడిగాడు.

"నాకోసం నువ్వు దారి వదిలావు కదా."

ఎర్రన్న కళ్లు చెమర్చాయి. "కుంటివాడి కోసం ఆగినవాళ్లు నాకింతవరకు లేరు బొల్లీ. నీ రుణమే పెద్దది," అన్నాడు.

ఇక వాళ్లు పారిపోయిన ఆ సాయంత్రం నక్క లొట్టలు వేసుకుంటూ రెల్లు దగ్గరికి వచ్చి, "రావే కూతురా! ఆ మచ్చల మొద్దుకి నీ బొమిక కూడా మిగల్చను!" అంటూ పొదలో తల దూర్చింది. పొదలో ఉన్నది మచ్చల మొద్దే. సగం చెవి పోగొట్టుకుని నక్క ఆ అడవి సరిహద్దు దాటేదాకా పరుగు ఆపలేదు. దాన్ని తరిమి తరిమి అలసి ఇల్లు చేరిన చిరుతమ్మకు ఖాళీ గుంట, ఆకలితో అరిచే పిల్లలు మిగిలాయి.

తియ్యగా పిలిచినవాడికన్నా, చేదు నిజం చెప్పి దారి వదిలినవాడే నేస్తం.